గాజుగదిలో వాయించింది

కాదు తల్లీ, ఇంకా ఎంతసేపు బుకాయిస్తావు చెప్పు? "బాగా వచ్చింది కదా నాన్నా" అంటావేంటి? ఏది బాగా వచ్చింది? ఎవరికి బాగా వచ్చింది? ఆ రికార్డులో బేస్ వాయించింది నేను కాదని నీకు తెలుసు. నిన్నటి నుంచి నాకూ తెలుసు. ఇంకా ఎవరి కోసం ఈ నాటకం?

కూర్చో ముందు. అలా గుమ్మంలో నిలబడితే నాకు మాట రాదు.

మీ అమ్మ వంటింట్లో గిన్నెలు కడుగుతున్నట్టు నటిస్తోంది. కుళాయి కట్టేసి చాలాసేపైంది. వింటోంది. విననీ, ఆవిడకీ తెలియాలి కదా, కూతురు ఏం ఘనకార్యం చేసొచ్చిందో.

రికార్డు బయటికొచ్చి వారం కాలేదు, ఫోను మోగుతూనే ఉంది. అట్ట మీద ముగ్గురం ఉన్నాం. మధ్యలో పియానో ముందు మీ మామయ్య, ఇటు డ్రమ్ముల గుండాయన, అటు నేను, నా అంత ఎత్తున్న ఆ తీగల బేస్ మెడ మీద చెయ్యేసి, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ. కింద నా పేరు. ఒకడు చేసి "ఈ వయసులో ఆ మూడో పాటలో సోలో ఏంటండీ మాస్టారూ!" అంటాడు. ఇంకొకడు "ఆ వేళ్ళు మనిషి వేళ్ళేనా?" అంటాడు. నేనేమన్నానో తెలుసా? "ఏదో మీ అభిమానం" అన్నాను! ఒకళ్ళకి కాదు, చేసిన ప్రతివాడికీ అన్నాను.

ఎందుకంటే నేను అప్పటికి వినలేదు. నా రికార్డు నేను వినను, నీకు తెలుసుగా? వాయించేశాక అది అయిపోయింది. నిన్న మాట్లాడిన మాటని ఇవాళ మళ్ళీ ముందు పెట్టుకుని వింటూ కూర్చుంటామా? ఒకసారి వాయించింది రెండోసారి వాయించలేదమ్మా నేను, నా బతుకులో. అదే నా గొప్ప, ఉన్న గొప్పంతా అదొక్కటే.

ఏంటి, అందరికీ తెలిసిందే అంటావా? తెలిస్తే ఇలా చేస్తారా?

అసలు ఈ బేస్ నాకెలా తగులుకుందో చెప్పానా ఎప్పుడైనా? చెప్పుంటాను, అయినా విను. కాలేజీలో అందరికీ గిటారు కావాలి. అందరికీ ముందు నిలబడాలి. ఈ పెద్ద పెట్టె ఒక మూల దుమ్ము కొట్టుకుపోతూ ఉండేది. మీ మామయ్య నన్ను కిందికీ పైకీ చూసి "నువ్వు పొడుగ్గా ఉన్నావు, నువ్వు పట్టుకో" అన్నాడు. అంతే. సంగీతం వచ్చా అని కూడా అడగలేదు. మా అక్కని చూడ్డానికి ఇంటికి రావాలంటే వంక కావాలి, అందుకే నన్ను బ్యాండులో వేసుకున్నాడేమోనని నాకు ఇప్పటికీ అనుమానం. ఏమైతేనేం, అక్క ఆయనకి దక్కింది, ఈ పెట్టె నాకు దక్కింది.

నవ్వకు. నవ్వితే నా కోపం పోతుంది, పోవడం నాకిష్టం లేదు.

హోటళ్ళలో వాయించాం. ఓ పక్క ప్లేట్ల చప్పుడు, స్పూన్ల చప్పుడు, ఎవరో బర్త్‌డే అని కేకలు. ఆ గోలలో నా తీగ ఎవరికి వినపడుతుంది? ఒక మేనేజరు వచ్చి "పియానో ఉంది, డ్రమ్ములున్నాయి, ఆ పెద్ద పెట్టె మనిషి అవసరమా?" అన్నాడు. నా మొహం మీదే. మీ మామయ్య ఏం చేశాడో తెలుసా? పాట మధ్యలో పియానో మూత మూసేశాడు. లేచి కోటు తొడుక్కుని "వాడు లేకపోతే నేనూ లేను" అన్నాడు. ఆ మేనేజరే వచ్చి మూత మళ్ళీ తెరిచాడు. ఆ మనిషమ్మా మీ మామయ్య! ఆ మనిషే ఇప్పుడు...

ఉండు. మంచినీళ్ళు తాగనీ.

మేమెలా వాయించేవాళ్ళమో నీకు చెప్పక్కర్లేదు, నువ్వు చూస్తూ పెరిగావు. పాటకి ఒక చట్రం ఉంటుంది, అంతే. లోపల ఎటు పోతామో ముగ్గురిలో ఎవరికీ తెలీదు. నేనొక అడుగు వేస్తే ఆయన దాని పక్కన ఇంకో అడుగు వేస్తాడు. ఒక హాల్లో పైన ఫ్యాను కిర్రుమంటోంది. ఒకటే కిర్రు, ఒకటే స్వరం. చిరాకేసి, నేను ఆ కిర్రునే పట్టుకుని దాని చుట్టూ నడవడం మొదలుపెట్టాను. మీ మామయ్యకి వెంటనే అర్థమైపోయింది, నవ్వుతూ చెయ్యేశాడు. పాట పాటంతా ఆ ఫ్యానుతో కలిసి వాయించాం. జనం లేచి చప్పట్లు కొట్టారు, మాకు కొట్టారో ఫ్యానుకి కొట్టారో మరి!

అదీ మా పద్ధతి. దగ్గరగా నిలబడాలి, ఒకరి ఊపిరి ఒకరికి వినపడాలి. రికార్డింగైనా అంతే. ఒకే గది, ముగ్గురం, మధ్యలో మైకులు. ఎవడు దగ్గినా రికార్డులో పడేది. గుండాయన దగ్గు మా రికార్డులన్నిట్లో ఉంది.

ఇక ఈ వేలు సంగతి.

పోయిన ఏడాది నుంచి ఎడమచేతి చిటికెన వేలు మాట వినడం మానేసింది. పొద్దున లేస్తే కర్రలా ఉంటుంది. వంగదు, పక్కకి సాగదు. డాక్టరు చూసి కీలు అరిగిందన్నాడు. మీ మామయ్యకి చెప్పలేదు, గుండాయనకి చెప్పలేదు, మీ అమ్మకి కూడా చెప్పలేదు. నీకొక్కదానికే చెప్పాను. ఇదే గదిలో, ఇదే కుర్చీలో. ఎవరికీ చెప్పనన్నావు.

ఏమేవ్, నీకూ ఇప్పుడే తెలిసిందిగా? అక్కణ్ణుంచే వినేశావుగా? సరే, నన్ను తర్వాత తిడుదువుగాని, ముందు దీని సంగతి తేలనీ.

చెప్పావు. మామయ్యకి చెప్పావు. ఎప్పుడు చెప్పావో, ఎలా చెప్పావో నాకొద్దు. "నాన్న బాధపడుతున్నాడు" అని చెప్పుంటావు, మంచి పిల్లవి కదా. చెప్పినందుకు కాదు నా కోపం. వేలు పోయిందని చెప్పావు సరే, వేలు పోయాక ఏం దొరికిందో చెప్పావా? అది నీకు తెలిస్తే కదా!

నాకొకటి దొరికింది తల్లీ. నేనెవరికీ చెప్పలేదు, చెప్తే గాలి పోతుందని. వేలు అందని చోట నేను ఆగడం మొదలుపెట్టాను. ముందు సిగ్గేసింది. ఇన్నేళ్ళూ ఖాళీ కనిపిస్తే చాలు నింపేవాణ్ణి, అదే నా పని అనుకున్నాను. కానీ ఒకరోజు ఇక్కడే ఒక్కణ్ణీ వాయించుకుంటుంటే, ఆగిన చోట వినపడింది. ఏం వినపడిందంటే ఏం చెప్పను? ముందు వేసిన స్వరం గదిలో ఇంకా ఉంది, రాబోయేది ఇంకా రాలేదు. మధ్యలో నేను నిలబడి ఉన్నాను, చేతులు ఖాళీగా. భయమేయలేదు. ఇంత సంగీతం ఇక్కడ ఉంటే ఇన్నాళ్ళూ దాని మీద తీగలు మోగించి తొక్కేశానా అనిపించింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఈ వయసులో కొత్తది దొరకడం ఎంతమందికి ఉంటుంది?

దాన్ని రికార్డింగులోనే మొదటిసారి బయటపెట్టాలని దాచుకున్నాను. పిచ్చివాణ్ణి.

ఆ రోజు స్టూడియోకి వెళ్తే నన్ను గాజుగదిలోకి పొమ్మన్నారు. నేను వింతగా చూశాను. మనం ఎప్పుడూ ఒకే గదిలో కదా బావా అన్నాను. సౌండాయన ఏదో చెప్పాడు, ధ్వని శుభ్రంగా రావాలట, ఇప్పుడంతా ఇలాగేనట. మీ మామయ్య పియానో స్టూలు ఎత్తు సరిచేసుకుంటూ "ఒక్కసారి ఇలా చేసి చూద్దాంరా" అన్నాడు. తల ఎత్తలేదు. ఆ స్టూలు అంతసేపు ఎందుకు తిప్పుతున్నాడా అనుకున్నాను, అంతే. సరే, బావ అన్నాడు కదా. ఏ రోజున కాదన్నాను ఆయన మాట?

లోపల హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాయించాను. అద్దంలోంచి మీ మామయ్య వీపు కనిపిస్తోంది. మూడో పాటలో నా వంతు వచ్చింది. వాయించాను. ఆగాను. ఆగిన చోట మీ మామయ్య ఒక్క స్వరం వేశాడు, మెత్తగా, నేనేమంటున్నానో అర్థమైనట్టు. మళ్ళీ ఆగాను. మళ్ళీ ఒక్క స్వరం వేశాడు. విన్నాడు, బావ విన్నాడు అనుకున్నాను.

బయటికొస్తే వచ్చి కౌగిలించుకున్నాడు. "అదరగొట్టావురా" అన్నాడు. ఇంటికొచ్చి ఆ రోజు మీ అమ్మతో ఎన్ని కబుర్లు చెప్పానో అడుగు. పాటలు పాడుతూ తిరిగాను ఇల్లంతా.

అంత చెవిలో పువ్వు పెట్టించుకున్నాన్నమాట.

నిన్న ఎందుకు విన్నానంటే, రేపటి ప్రోగ్రాం పెట్టినాయన ఫోను చేశాడు. "ఆ మూడో పాట సోలో రికార్డులో ఉన్నట్టే వాయించండి మాస్టారూ, జనం దాని కోసమే వస్తున్నారు" అన్నాడు. ఉన్నట్టే అంటే ఎలాగయ్యా అని నవ్వాను. కానీ ముచ్చటేసింది. నేను ఆగిన చోట్లు జనానికి నచ్చాయన్నమాట అనుకుని, సరే ఒక్కసారి విందామని పెట్టాను.

మొదట నేనే అనుకున్నాను. సిగ్గుచేటు కానీ నిజం, నేనే అనుకున్నాను! నా దెబ్బే, నా నడకే, నేను తీగ వదిలే పద్ధతే. "అబ్బ, బాగానే వాయించావురా" అని పైకే అన్నాను. ఆగాల్సిన చోటు వచ్చింది. ఆగలేదు. స్వరాలు వరసగా పోతున్నాయి. నాకే గుర్తులేదేమో అనుకున్నాను. మతిమరుపు కూడా మొదలైందా అని కంగారుపడ్డాను. ఇంతలో ఆ సాగదీత వచ్చింది. చూపుడు వేలు పైన ఉంచి చిటికెన వేలిని కిందికంటా లాగి పట్టుకునేది. నేను నా చేతి వంక చూసుకున్నాను. ఇదిగో, ఈ చేతి వంక. ఇది ఏడాదిగా అక్కడికి పోలేదు.



ఆ సాగదీత నేను నేర్పింది ఒక్క మనిషికే. నువ్వు నీ చిన్న చేత్తో అందక ఏడుస్తుంటే, నీ వేళ్ళు పట్టుకుని ఒక్కొక్కటే పెట్టి నేర్పాను. ఇంకా అనుమానముంటే, సోలో చివర్లో ఒక చోట గోరు తగిలి టక్కుమంది. ఆ టక్కు మానుకోమని నీకు ఎన్నిసార్లు చెప్పాను? అంతసేపూ నాలాగా వాయించి, ఆ ఒక్కచోట నువ్వైపోయావు.

నీ మీద ఈర్ష్య అనుకోకు. నువ్వు నాకంటే బాగా వాయిస్తావు, అది నేనే ఊరంతా చెప్పుకున్నాను. నువ్వు నీలాగా వాయించి నీ పేరు వేసుకునుంటే, నేను మొదటి వరసలో కూర్చుని చప్పట్లు కొట్టేవాణ్ణి. నాలాగా ఎందుకు వాయించావు? పైగా ఏ నాలాగా? అందులో ఉన్నది నువ్వు స్కూలుకెళ్ళే రోజుల నాన్న. గబగబా వాయించేవాడు, ఖాళీ చూస్తే ఓర్చుకోలేనివాడు. నీకు ఆ నాన్నే కావాలి కాబోలు. మరి ఇప్పుడున్న వాణ్ణి ఏం చేయమంటావు?

అది కూడా మింగేవాణ్ణేమో. చేయి బాగోలేదు, రికార్డు పాడైంది, సర్దుకోవడానికి పిల్లని పిలిచారు, చెప్పడానికి మొహమాటపడ్డారు. అలా సర్దిచెప్పుకుందామనే చూశాను. ఇంతలో ఆ గాజుగది తట్టింది.

ఎందుకు తల్లీ ఆ గాజుగది?

నాకు మిషన్ల గురించి తెలీదు, కానీ ఇంత మాత్రం తెలుసు. ఒకే గదిలో వాయిస్తే నా బేస్ పియానో మైకులోకీ పోతుంది, డ్రమ్ముల మైకులోకీ పోతుంది. నన్ను తీసేద్దామన్నా పోను, ఎక్కడో ఒకచోట వినపడుతూనే ఉంటాను. విడిగా అద్దాల వెనక పెడితేనే నన్ను శుభ్రంగా తుడిచెయ్యగలరు. శుభ్రం అంటే అదన్నమాట! అంటే నేను పాడుచేశాక కాదు. ఒక్క తీగ మీటకముందే, వీడు పాడుచేస్తాడని తీర్మానించేశారు. నేను వచ్చేసరికే నన్ను తీసేయడానికి గది సిద్ధంగా ఉంది.

ఆ గదిలోకి నా బేస్ మోసుకొచ్చింది ఎవరు? నాకు స్టూలు వేసింది ఎవరు? "చలిగా ఉందా నాన్నా" అని అడిగి, నీళ్ళ సీసా పక్కన పెట్టి, బయటికెళ్ళి తలుపు వేసింది ఎవరు?

నా వంక చూసి చెప్పు. తలుపు వేసేటప్పుడు నీకు తెలుసా?

తెలుసు.

తల ఊపావు, చాలు. అబద్ధం చెప్తావేమో అని కాస్త ఆశపడ్డాను.

ఏంటి? పరువా? నా పరువు కాపాడదామనుకున్నాడా మామయ్య? గట్టిగా చెప్పు. "అందరి ముందు నాన్న తడబడితే చూడలేం" అన్నాడా? ఎవరు తడబడ్డారమ్మా? నేను ఆగాను! ఆగడం వేరు, తడబడటం వేరు! ఇన్నేళ్ళు నా పక్కన కూర్చుని వాయించిన మనిషికి ఆ తేడా తెలీదా? తెలుసు. తెలియకపోతే ఆ ఒక్కొక్క స్వరం అలా ఎందుకు వేస్తాడు? అది రికార్డులో ఇంకా ఉంది, చూసుకో. నీ స్వరాల గోల వెనకాల, ఎవరో అడిగినదానికి జవాబు చెప్తున్నట్టు, మెత్తగా ఉంది. జవాబు ఉంచి నన్ను తీసేశారు.

లేకపోతే జాలిపడి వేశాడా? నిన్నటి నుంచి అదే తొలుస్తోంది. నేను సంగీతం అనుకున్నది ఆయనకి సాయం పట్టడమేనా? ముసలాణ్ణి రోడ్డు దాటించినట్టు?

నాకది వినాలి. నేను వాయించింది. నా బతుకులో మొదటిసారి ఒకటి మళ్ళీ వినాలనిపిస్తోంది. సౌండాయన దగ్గరుంటుందిగా? ఎక్కడో ఒక మూల?

తీసేశారా. పూర్తిగా? మామయ్య చెప్పాడా?

ఊఁ. పొరపాటున ఎప్పుడైనా బయటపడుతుందని భయపడ్డాడు కాబోలు. మంచి పనే, ఆయన లెక్కలో.

అయితే ఇక అది నీ దగ్గరే ఉంది. అదేలే, నీ చెవుల్లో. మామయ్య తన పియానోలో ఉన్నాడు, గుండాయన తన డ్రమ్ముల్లో ఉన్నాడు, సౌండాయన మిషన్ మీద ఊగే ఆ ముళ్ళు చూస్తూ ఉన్నాడు. నువ్వు మాత్రం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, నా మీద నువ్వు వాయించడానికి నన్ను మళ్ళీ మళ్ళీ విన్నావు. నేను ఆగిన ప్రతి చోటూ నీకు తెలిసుండాలి, అక్కడేగా నువ్వు నింపాల్సింది. లోకంలో నువ్వొక్కదానివే దాన్ని సరిగ్గా విన్నావు. అందుకే అడుగుతున్నా. కోపంగా అడగట్లేదు చూడు, మామూలుగా అడుగుతున్నా. ఒక బేస్ వాయించే మనిషి ఇంకో బేస్ వాయించే మనిషిని అడిగినట్టు.

ఎలా ఉంది?

ఏడవకు. ఏడిస్తే నాకెలా అర్థమవుతుంది, బాగుందనా, బాగోలేదనా? బాగుండి తుడిచేసినా ఏడుస్తావు, బాగోలేకపోయినా ఏడుస్తావు. ఒక్క మాట చెప్పు. నేనేం అనను. బాగోలేదన్నా ఏం అనను.

చెప్పవా?

సరేలే. మొహం కడుక్కో పో, తర్వాత మాట్లాడుకుందాం. లేదు, ఉండు, ఇదొక్కటి అయిపోనీ. మామయ్య ఇవాళ నిన్ను నా దగ్గరికి ఎందుకు పంపాడో నాకు తెలుసు. రేపు ప్రోగ్రాంలో నాకు జ్వరం అని చెప్పి నా బదులు నువ్వు నిలబడతావు, అంతేగా? కుదరదని చెప్పు.

నిజం చెప్పనా? నిన్న అది విన్నాక అద్దం ముందు నిలబడి చెప్పుకున్నాను, రేపు వెళ్ళి నాకు తోచినట్టు వాయిస్తాను, ఆగాల్సిన చోట ఆగుతాను, ఎవడేమనుకుంటే నాకేం అని. అద్దం ముందు బాగానే ఉంది. కానీ హాల్లో నేను ఆగినప్పుడు జనం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంటే? మీ మామయ్య ఆ జాలి స్వరం ఇంకోసారి వేస్తే? నాకు కోపం ఉంది తల్లీ, చాలా ఉంది. కానీ నేను లేకుండా వాళ్ళు వాయిస్తుంటే ఈ ఇంట్లో ఈ కుర్చీలో కూర్చోవడం ఉంది చూశావా, ఆ భయం నా కోపం కంటే పెద్దగా ఉంది.

అందుకని రాత్రి నుంచీ నీ సోలో ప్రాక్టీస్ చేస్తున్నాను. అవును, నీదే. నన్ను నేను కాపీ కొడుతున్నాను, అదీ సరిగ్గా రావట్లేదు. ఆ సాగదీత దగ్గరికొచ్చేసరికి ఆగిపోతున్నాను.

బేస్ తీసుకో. మెల్లగా వాయించి చూపించు. చిటికెన వేలు లేకుండా దాన్ని ఎలా పట్టుకోవాలో చెప్పు.